బుడబుంగ గూటి ఫొటో తీయొచ్చా? పెద్ద చెరువు కట్ట మీద మొదలైన పంచాయితీ

పాలమూరు వాకర్:
మొన్న ఆదివారం మహబూబ్‌నగర్ పెద్ద చెరువు దగ్గర, అదే మన మినీ ట్యాంక్‌బండ్ మీద, పొద్దున నడుస్తుంటే ఒకాయన ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని నీళ్లలోకి దిగి, తుంగ పక్కకు వంచి బుడబుంగ (నీళ్లలో మునిగి మేసే చిన్న పిట్ట) గూడు ఫొటో తీసుకున్నాడు. సాయంత్రానికి అది మా కాలనీ వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. నాలుగు తెల్లటి గుడ్లు, కింద లొకేషన్ కూడా. నేను తప్పన్నాను, సగం మంది నా మీద పడ్డారు, పిట్టల మీద ఇష్టంతోనే కదా తీసింది అని. మీరేమంటారు?

ఫోన్ కెమెరా:
ఆ ప్యాంటు మడుచుకున్నది నేనే అన్నా. గుడ్డు ముట్టలేదు, గూడు కదపలేదు, రెండు నిమిషాల్లో బయటికొచ్చిన. మీ దగ్గర మోచేయంత లెన్సులు ఉంటయ్, బెంచీ మీద కూర్చున్న చోటి నుంచే పిట్ట కంట్లో ఎర్ర రంగు కూడా తీస్తరు. నాది మామూలు ఫోన్. జూమ్ చేస్తే నీళ్ల మీద కొబ్బరి చిప్ప తేలినట్టు వస్తది. లక్షల లెన్సు ఉన్నోళ్లు పెట్టుకున్న రూల్స్ నాకెందుకు? నా ఫొటో చూసి మా గల్లీ పిల్లలు మొదటిసారి ఆ పిట్ట పేరడిగిన్రు, దానికి లెక్క లేదా?

తుంగగడ్డి:
లెన్సు సంగతి పక్కన పెట్టు తమ్ముడూ, నీ ఫొటోనే ఇంకోసారి చూడు. బుడబుంగ గూడు దిగేటప్పుడు ముక్కుతో చకచకా తడి నాచు లాగి గుడ్ల మీద కప్పి, చప్పుడు లేకుండా నీళ్లలోకి జారుతుంది. పైనుంచి చూస్తే కుళ్లిన గడ్డి కుప్పే తప్ప ఏమీ కనబడదు. నీ ఫొటోలో నాలుగు గుడ్లూ బయటే ఉన్నాయి. అంటే దానికి కప్పే టైం కూడా దొరకలేదు, నువ్వు అంత దగ్గరికి వచ్చేశావు. ఇంకోటి, ఆ నాచు మరకలకు గుడ్లు రోజులు గడిచేకొద్దీ గోధుమ రంగుకు తిరుగుతాయి. ఇవి ఇంకా తెల్లగా ఉన్నాయంటే ఈమధ్యే పెట్టినవి. పొదగడానికి మూడు వారాల పైచిలుకు పడుతుంది, ఆడా మగా రెండూ వంతులేసుకుని కూర్చుంటాయి. మొదట్లోనే బెదిరిస్తే గూడు వదిలేసే అవకాశం ఎక్కువ. పైగా అది నేల మీది గూడు కాదు, తుంగ కాడలకు చిక్కించుకుని నీటి మీద తేలేది. నువ్వు వంచింది ఆ కాడల్నే. కాకులు కట్ట మీద పల్లీల పొట్లాల కోసం ఎట్లాగూ తిరుగుతూనే ఉంటాయి, తెల్లగుడ్డు వాటికి కనబడకుండా ఉంటుందా?

రూల్ బుక్:
1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ‘వేట’ అనే మాటకు ఇచ్చిన అర్థంలోనే పక్షుల గుడ్లు పాడుచేయడం, గూళ్లను కదిలించి ఇబ్బంది పెట్టడం కూడా ఉన్నాయి. కేసు పెడతారని కాదు, తెలుసుకుంటారని చెప్తున్నా.

వలల ఇంటివాణ్ణి:
మా నాయన చెరువుల్లో వలలేసేటోడు. సన్న దారం వలలో బుడబుంగ చిక్కితే పైకి రాలేక మునిగి చచ్చేది, పొద్దున వల తీసేటప్పుడు ఆయన మొఖం చూడలేకపోయేవాళ్లం. అందరూ ఈ ఒక్క పిల్లగాని మీద పడ్డరు గానీ, సాయంత్రమైతే పుట్టినరోజు పటాకులు, పెళ్లి ఫొటోల డ్రోన్లు, వాటి ముచ్చట ఎవ్వరూ తీయరేం? మోకాళ్ల దాకా దిగినోడే దొంగా?

తుంగగడ్డి:
పటాకులు తప్పే, కాదనను. కానీ లొకేషన్ పెట్టావు చూడు, అసలు చిక్కంతా అదే. నువ్వొక్కడివి రెండు నిమిషాలు. చూసినోళ్లలో పది మంది వస్తే ఇరవై నిమిషాలు, అదీ ఎర్రటి ఎండలో.
ఫోన్‌తో కావాలంటే ఇట్లా చెయ్యి. గూడు జోలికి పోకు, మేత కోసం తిరిగేదాన్ని చూసుకో. పొద్దున సూర్యుడు నీ వెనక ఉండేట్టు మెట్ల దగ్గర కూర్చో. అది మునగగానే నాలుగడుగులు ముందుకు పో, పది పదిహేను సెకన్లలో తేలుతుంది, అప్పటికి కదలకుండా ఉండు. మామూలు బైనాక్యులర్ కంటికి పెట్టుకునే చోట ఫోన్ ఆనించినా ఫొటో వస్తుంది, కొంచెం చేయి అలవాటు కావాలి.

పాలమూరు వాకర్:
మునిగినప్పుడు నాలుగడుగులు అంటే అది కూడా దొంగచాటుగా పోవడమే కదా మేడం. నాకైతే అదీ నచ్చలేదు.

తుంగగడ్డి:
నచ్చకపోతే బెంచీ మీదే కూర్చోండి సార్. మేత పిట్టకు మీరు నచ్చకపోతే చెరువంతా దానిదే, అవతలికి పోతుంది. గూటి మీదున్నదానికి ఆ వీలు లేదు, నాకు తేడా అక్కడే.

ఫోన్ కెమెరా:
లొకేషన్ తీసేసిన. ఫొటో మాత్రం తీసెయ్య, నా మొదటి మంచి ఫొటో అది. నిన్న పొద్దున మళ్లీ పోయిన, ఈసారి కట్ట దిగలేదు. తుంగలో ఒక తల కదిలినట్టు అనిపించింది, బుడబుంగో, నామాల కోడి అనే ఇంకో నీటి పిట్టో తేల్చుకోలేకపోయిన. ఎవరి దగ్గరన్నా బైనాక్యులర్ ఉంటే ఆదివారం ఆరున్నరకు తెస్తరా? గుడ్లు కప్పి ఉన్నయో లేదో చూడాలె.