నల్ల కారుకి కార్నుబా వాక్సా, సింథటిక్ సీలెంటా?

రేణిగుంట రోడ్డు:
అందరికీ నమస్కారం. నాది నల్ల సెడాన్, కొని పద్నాలుగు నెలలైంది. మొన్న ఆదివారం పొద్దున కపిలతీర్థం వెళ్లి బయటికి వస్తుంటే, ఏటవాలు ఎండలో బానెట్ మీద సాలెగూడు కట్టినట్టు సన్నటి గీతలు కనిపించాయి. ఇంటి దగ్గర నీడలో ఎప్పుడూ ఒక్కటి కూడా కనబడలేదు. ఆ రోజంతా మనసు మనసులో లేదు.

మా బావ కార్నుబా వాక్స్ వేయమంటాడు. నల్ల రంగుకి దానంత నిగారింపు ఇంకేదీ ఇవ్వదట. ఆఫీసులో ఒకాయన అది పాత పద్ధతి, ఈ ఎండకి నిలవదు, సింథటిక్ సీలెంట్ (మైనం బదులు పాలిమర్లతో చేసిన పూత) కొనుక్కో అంటాడు. కారు పగలంతా ఎండలోనే ఉంటుంది. ఇంట్లో బోరు నీళ్లు, కాచిన గిన్నెకి తెల్లగా పొర కడుతుంది. నెలకోసారి కొండకి వెళ్తాం. నేను ఏది తీసుకోవాలి?

తిరుచానూరు:
కార్నుబానే తీసుకోండి సార్. నాది కూడా నల్లదే, ఏడేళ్లుగా అదే వేస్తున్నాను. బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీద పేరుకునే మైనం అది. ఎండకి ఆకులో నీరు ఆవిరైపోకుండా కాపాడేది అదే. అలాంటిది మన ఎండకి పనికిరాదంటే నేను ఒప్పుకోను. సహజమైన మైనాల్లో అంత గట్టిది లేదు, 82 నుంచి 86 డిగ్రీల దగ్గర గానీ కరగదు.

వేసిన రోజు సాయంత్రం కారు పక్కన నిలబడి చూడండి. అభిషేకం అయ్యాక నల్లరాతి విగ్రహం ఎలా ఉంటుందో అలా ఉంటుంది ఆ నలుపు. సీలెంట్‌తో కూడా మెరుపు వస్తుంది, కాదనను. కానీ అది పైన గాజు పెట్టినట్టుండే మెరుపు, లోపలి నుంచి వచ్చేది కాదు.

చిత్తూరు పెయింట్ షెడ్:
తమ్ముడూ, మీరు అడిగిందాంట్లో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. కార్నుబా అయినా సీలెంట్ అయినా గీతల్ని తీయదు. ఇరవై రెండేళ్లుగా టింకరింగ్, పెయింటింగ్ షెడ్ నడుపుతున్నాను. వాక్స్ వేస్తే గీతలు పోతాయని డబ్బాలు కొనుక్కుని, నెల తర్వాత నా దగ్గరికి వచ్చినవాళ్లు చాలామంది.

ఇప్పటి కార్లకి రంగు మీద క్లియర్ కోట్ అని పారదర్శకమైన పొర ఉంటుంది. 40, 50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక కంటే పలచన. మీరు చూసిన గీతలు ఆ పొరలో పడ్డవి. అవి గుండ్రంగా కూడా ఉండవు, అన్ని దిక్కులకీ సూటిగా పడి ఉంటాయి. సూర్యుడి ప్రతిబింబం చుట్టూ అడ్డంగా ఉన్న గీతలే వెలుగుని మన కంటికి కొడతాయి కాబట్టి సాలెగూడులా తోస్తుంది. తెల్ల కారుకీ ఇన్ని గీతలే ఉంటాయి. కింద తెలుపే కాబట్టి తెలియదు, అంతే.

గీతలు పోవాలంటే కాంపౌండ్, అంటే పైపొరని సన్నగా అరగదీసే పేస్ట్, పెట్టి రబ్బింగ్ చేయాలి. రబ్బింగ్ చేసిన ప్రతిసారీ క్లియర్ కోట్ కొంత అరుగుతుంది, అరిగింది మళ్లీ రాదు. అందుకే ఒక్కసారి, మిషన్ వాడటం బాగా తెలిసినవాడి చేత చేయించి, ఆ తర్వాత వాక్స్ వేసుకోండి. నల్ల కారు కోసమని రంగు కలిపిన నల్ల వాక్స్ కూడా అమ్ముతారు. అది గీతల్లో నిండి నాలుగు వాష్‌ల దాకా దాచిపెడుతుంది. మళ్లీ గీతలు పైకి వస్తాయి.

ఎయిర్ బైపాస్ రోడ్డు:
షెడ్ అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. రబ్బింగ్ అయ్యాక ఏం వేయాలన్నదాని మీద మాత్రం నాకు గట్టి అభిప్రాయం ఉంది. సీలెంట్. మెరుపు సంగతి చూసి చెప్పడం లేదు.

నల్ల కారుని ఎన్నిసార్లు ముట్టుకుంటే అన్ని గీతలు. వాక్స్ వేయడం కూడా ముట్టుకోవడమే. ముందు కడగాలి, తుడవాలి, పూయాలి, ఆరాక మళ్లీ రుద్ది తీయాలి. నెలన్నరకోసారి వేస్తే ఏడాదికి ఎనిమిదిసార్లు ఇదంతా. నాలుగు నెలలు నిలిచేది వేస్తే మూడుసార్లతో సరిపోతుంది. నల్ల కారుకి ఏది ఎక్కువ మెరుస్తుందని కాదు, ఏది వేస్తే తక్కువసార్లు చెయ్యి పడుతుందని అడగాలి.

పోయిన ఏప్రిల్‌లో నా బానెట్ మధ్యలో మాస్కింగ్ టేప్ వేసి, ఎడమవైపు కార్నుబా పేస్ట్, కుడివైపు లిక్విడ్ సీలెంట్ వేశాను. టేప్ తీసి ఇంట్లోవాళ్లని పిలిచి ఏ వైపు బాగుందని అడిగాను. మా ఆవిడ తేడా లేదంది. మావాడు ఎడమ అన్నాడు. పక్కింటాయన కుడి అన్నాడు. ఐదు వారాల తర్వాత కడిగినప్పుడు ఎడమవైపు నీళ్లు పల్చగా పరుచుకుని అలాగే ఉండిపోయాయి, అంటే పూత పోయినట్టే; కుడివైపు ఇంకా జారిపోతున్నాయి. నాకు బాగా గుర్తున్నది ఇంకొకటి. పొద్దున ఎనిమిదిన్నర దాటాక మొదలుపెట్టానేమో, బానెట్ అప్పటికే వేడెక్కి పేస్ట్ గట్టిగా పట్టేసింది. తీయడానికి నొక్కి రుద్దాల్సి వచ్చింది. మర్నాడు ఎండలో చూస్తే ఎడమవైపు కొత్త గీతలు, నేను రుద్దిన దారిలోనే. లిక్విడ్ వేసినవైపు గుడ్డ తగిలిస్తే చాలు, వచ్చేసింది.

తిరుచానూరు:
అది కార్నుబా తప్పు కాదండీ, వేళ తప్పు. నేను ఆరు గంటలకే మొదలుపెడతాను, వెలుతురు వచ్చీరాకముందే. మండు వేసవిలో అయితే సాయంత్రం కూడా వేయను, రేకు లోపలి వేడి రాత్రి ఎనిమిదికి గానీ దిగదు. చెయ్యి ఆనించి చూడాలి, చల్లగా తగిలితేనే డబ్బా తెరవాలి. పూసేది కూడా ఉందా లేదా అన్నంత పలచగా ఉండాలి. మందంగా పూస్తే మెరుపు పెరగదు, తుడిచే పని పెరుగుతుంది.

ఎయిర్ బైపాస్ రోడ్డు:
ఒప్పుకుంటాను. కానీ 86 డిగ్రీల మాట గురించి ఒకటి చెప్పాలి. అది అసలు కార్నుబాకి. అసలు కార్నుబా గట్టి పెచ్చుల్లా ఉంటుంది, దాన్ని చేత్తో కారుకి పూయలేం. డబ్బాలోకి వచ్చేసరికి నూనెలు, సాల్వెంట్లు, మెత్తటి మైనాలు కలుస్తాయి. డబ్బా మీద వంద శాతం కార్నుబా అని రాసున్నా, అందులోని మైనం కార్నుబా అనే అర్థం, డబ్బా నిండా అదే అని కాదు. పైగా ఈ రెండింటి మధ్య గోడ కూడా ఏం లేదు. కొలినైట్ 845 చూడండి, కార్నుబాకి పాలిమర్లు కలిపి చేసిందే. మీకు కార్నుబా మీద మమకారం ఉంటే అలాంటిది వేసుకోండి, నాకు అభ్యంతరం లేదు.

నీళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. రేణిగుంట రోడ్డు అన్నా, మీ గిన్నెకి కట్టే తెల్లపొరే రేపు మీ బానెట్ మీదా కడుతుంది. వాక్స్ వేశాక నీళ్లు ముత్యాల్లా నిలబడితే అందరూ సంతోషపడి ఫోటో తీస్తారు. బోరు నీళ్లయితే ఆ ముత్యం ఎండలో ఆరి, గుండ్రటి తెల్ల మచ్చ మిగులుతుంది. నల్ల కారు మీద అది గీతకంటే ముందు కనిపిస్తుంది. నేను చివర్లో పైపుకి నాజిల్ తీసేసి, నీళ్లు ఒకే ధారగా పైనుంచి జారేలా వదులుతాను. ఆ తర్వాత 20 లీటర్ల మంచినీళ్ల క్యాన్‌లోంచి సగం పోసి వెంటనే తుడుస్తాను. ఆర్‌వో మిషన్ బయటికి వదిలే నీళ్లు మాత్రం వద్దు, అందులో ఉప్పు ఇంకా ఎక్కువ. మచ్చ అప్పటికే పడి ఉంటే వెనిగర్‌లో సగం నీళ్లు కలిపి అక్కడివరకే తడిపి, నిమిషంలో కడిగేయండి. అక్కడ వాక్స్ మళ్లీ వేసుకోవాలి.

పుత్తూరు:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. షోరూంలో టెఫ్లాన్ కోటింగ్ వేయించుకోమని ఒకటే ఒత్తిడి. వేయించాలా?

చిత్తూరు పెయింట్ షెడ్:
వద్దు తమ్ముడూ. దోసె పెనానికి టెఫ్లాన్ పట్టాలంటే 300 డిగ్రీలు దాటి కాల్చాలి. కారుని అలా కాల్చరు కదా. ఆ పేరుతో వేసేది కూడా పాలిష్ లాంటిదే. డబ్బు ఖర్చుపెట్టే ఓపిక ఉంటే సిరామిక్ కోటింగ్ నయం, సరిగ్గా వేస్తే ఏళ్లు నిలుస్తుంది. దానికి ముందు రబ్బింగ్ చేయకపోతే మాత్రం ఉన్న గీతలన్నీ దాని కింద భద్రంగా ఉండిపోతాయి.

రేణిగుంట రోడ్డు:
ఇవన్నీ చదివి ఇప్పుడే కిందికి వెళ్లి ఫోన్ టార్చ్ వేసి చూశాను. బానెట్ నడిమధ్యలో అరచేతి వెడల్పున గీతలు మరీ దట్టంగా ఉన్నాయి. ఎందుకో అప్పుడు అర్థమైంది. కొన్న వారంలో కాణిపాకంలో వాహన పూజ చేయించాం. అక్కడే గంధం, కుంకుమ పెట్టారు. మూడు రోజులు అలాగే ఉంచి, ఎండిపోయాక పొడి టవల్‌తో గట్టిగా తుడిచేశాను. ఎవరో వాటర్ వాష్ వాళ్ల పనేమో అనుకున్నాను ఇన్నాళ్లూ. నా చేత్తో నేనే చేసుకున్నాను. చాలా బాధగా ఉంది.

చిత్తూరు పెయింట్ షెడ్:
బాధపడకండి, అది రబ్బింగ్‌లో పోతుంది. పూజ మానుకోమని ఎవరూ అనరు. ఈసారి బొట్టు అద్దం మీద పెట్టమని అర్చకుల్ని అడగండి, కాదనరు. బానెట్ మీదే పెడితే ఆ సాయంత్రమే తడిగుడ్డ పరిచి పది నిమిషాలు నాననిచ్చి, నీళ్లు పోసి కడిగేయండి. రుద్దొద్దు. పూలదండ కూడా గుడి దగ్గరే తీసేసి లోపల పెట్టుకోండి. దారం గాలికి కదులుతూ ఇంటిదాకా రాస్తూనే ఉంటుంది.

పొడిగుడ్డతో దుమ్ము దులపడం ఈ రోజుతో మానేయండి. కుప్పం వైపు గ్రానైట్ లారీలు తిరిగే రోడ్ల మీద లేచేది ఉత్త మట్టి కాదు, రాతిపొడి. దాన్ని గుడ్డతో లాగడమంటే మెత్తటి ఉప్పుకాగితం తిప్పడమే. కొండ దిగి వచ్చాక చక్రాల దగ్గర బ్రేకు పొడి ఉంటుంది. చక్రాలు తుడిచిన గుడ్డ ఎట్టిపరిస్థితుల్లోనూ బాడీకి తగలనీయకండి, దాని బకెట్ కూడా వేరే పెట్టుకోండి.

తిరుచానూరు:
తక్కువగా ముట్టుకోవాలన్న మాట నన్ను ఆలోచనలో పడేసింది. నాలుగు నెలలు నిలిచేది వేసి, దీపావళికి, ఉగాదికి మాత్రం పైన ఒక పలచటి పూత కార్నుబా వేస్తే ఎలా ఉంటుంది? సీలెంట్ కింద, మైనం పైన.

ఎయిర్ బైపాస్ రోడ్డు:
బాగుంటుంది. ఆ వరస మాత్రం మారకూడదు. మైనం మీద సీలెంట్ పట్టదు. సీలెంట్ వేశాక కూడా ఒక రాత్రి ఆగి వేయండి, ఆ రాత్రి మంచు గానీ వాన గానీ తగలకుండా చూసుకోండి.

రేణిగుంట రోడ్డు:
సరే, వచ్చే వారం రబ్బింగ్‌కి ఇస్తాను. కారు చేతికొచ్చిన తర్వాతి ఆదివారం పొద్దున ఆరుకి నేను కూడా బానెట్‌కి టేప్ వేసి, సగం సగం చూస్తాను. ఒకవైపు సీలెంట్ ఒక్కటే, ఇంకోవైపు సీలెంట్ మీద కార్నుబా. ఐదు వారాల తర్వాత ఇక్కడే ఫోటోలు పెడతాను.

తిరుచానూరు:
బానెట్‌కి టేప్ వేసేటప్పుడు వైపర్ల కింది నల్ల ప్లాస్టిక్‌కి, అద్దాల చుట్టూ ఉన్న రబ్బరుకి కూడా వేయండి. పేస్ట్ అక్కడ తగిలితే తెల్లగా ఉండిపోతుంది. నాది ఇప్పటికీ ఎడమ అద్దం పక్కన అలాగే ఉంది.