గలతీ 5:1లో "చిక్కుకొనకుడి": చిక్కుకోవడం మన తప్పు అనా?

అందరికీ వందనాలు. ఉండేది బొల్లారం దగ్గర, ఫౌజు నుంచి పెన్షన్ వచ్చి తొమ్మిదేళ్లయింది. వచ్చే ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పమన్నారు, వాక్యం ఇది: "ఈ స్వాతంత్ర్యము అనుగ్రహించి, క్రీస్తు మనలను స్వతంత్రులనుగా చేసియున్నాడు. కాబట్టి, మీరు స్థిరముగా నిలిచి మరల దాస్యమను కాడిక్రింద చిక్కుకొనకుడి." చివరి మాట దగ్గరే ఆగిపోతున్నాను.

కాడి ఎద్దు తనంతట తాను ఎత్తుకోదు, రైతు పెడతాడు. మరి "చిక్కుకొను"లో ఆ "కొను" తెచ్చుకొను, కట్టుకొను లాగా, మనకి మనమే చేసుకున్నట్టు వినిపిస్తోంది. నాకు ఇప్పటికీ నాలుగున్నరకే మెలకువ, తలుపు గడియ మూడుసార్లు చూడనిదే పడుకోలేను, చర్చిలో కూడా గోడకి వీపు ఆనించి గుమ్మం కనపడేలా కూర్చుంటాను, దీపావళి వారమంతా నా వల్ల ఇంట్లోవాళ్లకి టెన్షన్. విడుదల పొందినవాడివి, ఇంకా ఇదేంటి అని ఒక పెద్దాయన అడిగారు. ఆయన మీద కోపం లేదు, కానీ ఆ మాట ఈ క్రియతో ముడిపడిపోయింది. తెలుగు బాగా తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు, తెలుగు టీచర్, అల్వాల్:
బ్రదర్, "కొను" ఉంటే కావాలని చేసుకున్నట్టే అనుకోకండి. కాలికి ముల్లు గుచ్చుకుంది అంటాం, గొంతులో మెతుకు అడ్డుకుంది అంటాం. అందులో ఎవరి ఇష్టం ఉంది? వలలో చేప చిక్కుకోవడమూ అంతే. గ్రీకు మూలంలోనూ పట్టుబడి ఉండటమనే అర్థమే, అనువాదకులు సరైన మాటే పట్టుకున్నారు. ఇంకొకటి, పౌలు అక్కడ మాట్లాడేది సున్నతి గురించి, కింది వచనం చూడండి. క్రీస్తు చేసింది చాలదు, మీరు ఇంకోటి కూడా చేయాలి అని గలతీయుల మీద బరువు పెట్టినవాళ్లకి జవాబు అది. మీ నిద్రని మీ విశ్వాసానికి కొలతగా పెడితే, నా మటుకు అదే మళ్లీ కాడి. ఆ మాట మెడ మీదికి రానీయకండి.

జవాబు, తిరుమలగిరి:
అంకుల్, 2 తిమోతి 2:4లో కూడా ఇదే క్రియ ఉంది, అదీ సైనికుడి గురించే: "తన్ను దండులో చేర్చుకొనినవానిని సంతోషపెట్టవలెనని యీ జీవన వ్యాపారములలో చిక్కుకొనడు." దండు అన్నా లష్కర్ అన్నా ఒకటే, మన సికింద్రాబాద్‌ని పెద్దవాళ్లు లష్కర్ అనేది అందుకే. మా నాన్న కూడా ఫౌజీనే, పటాకుల శబ్దానికి ఆయనా అలాగే ఉలిక్కిపడేవారు. డాక్టర్ దగ్గరికి వెళ్లాక కొంచెం తగ్గింది, ప్రార్థన మానలేదు. మత్తయి 11:28 కూడా చదవండి, "నేను మీకు విశ్రాంతి కలుగజేతును."

మళ్లీ నేనే:
టీచర్ గారూ, ముల్లు మాట చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. బాబూ, విశ్రాంతి అంటే నాకు ముందు గుర్తొచ్చేది డ్రిల్లులో "విశ్రామ్". కాళ్లు ఎడం చేసి, చేతులు వెనక్కి పెట్టి నిలబడతాం, కానీ కదలకూడదు. ఒళ్లు వదులు చేయాలంటే "ఆరామ్ సే" అనాలి. ఇన్నేళ్లూ దేవుడిచ్చిన విశ్రాంతిని కూడా విశ్రామ్‌లాగే నిలబడి తీసుకున్నానేమో.

వాడుకలో "ఇరుక్కుపోకండి" అని చదివితే బాగుంటుందా?

జవాబు, తెలుగు టీచర్, అల్వాల్:
అర్థం చెడదు. కానీ చిక్కు అయితే "తీయడం" ఉంది, ఇరుకుకి ఆ మాట లేదు.

మళ్లీ నేనే:
ఇప్పుడే మా ఆవిడ వరండాలో మనవరాలికి తల దువ్వుతోంది. చిక్కు కొసల నుంచి తీస్తుంది, కొంచెం కొంచెంగా, కుదుళ్లు వేళ్లతో అదిమి పట్టుకుని, పిల్లకి నొప్పి తగలకుండా. "చిక్కుకొనకుడి" అనే చదువుతాను.