లుకేమియా తగ్గిన పాప సంగతి బడికి చెప్పాలా, వద్దా?

చిత్తూరు నాన్న:
మా పాపకు నాలుగో ఏట బ్లడ్ క్యాన్సర్ వచ్చింది. వేలూరులో చికిత్స పూర్తయింది. ఇప్పుడు మూడో తరగతి. లెక్కలు వచ్చు, కానీ సగం పేపరు రాసేసరికి గంట కొడుతున్నారు. రెండు పనులు చెబితే రెండోది మరిచిపోతుంది. బడిలో చెప్పి, జ్ఞాపకశక్తి, ఏకాగ్రత కొలిచే పరీక్షలు చేయించమని మా అక్క పోరు. నేను ఒప్పుకోను. ఆడపిల్ల మీద ముద్ర పడితే పెళ్లి దాకా వెంటాడుతుంది.

తిరుపతి టీచరు:
చెప్పాలండీ. మీరు రాసినవి సోమరితనం లక్షణాలు కావు. లుకేమియా కణాలు మెదడు పొరల్లో దాక్కుంటాయి, నరంలోకి ఎక్కించే మందుల్లో చాలావరకు అక్కడికి సరిగా చేరవు. అందుకే వెన్నులో మెథోట్రెక్సేట్ అనే కీమో మందు ఇస్తారు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన ఫోలిక్ ఆమ్లం పరిశోధనల నుంచి వచ్చిన మందు అది, ఎందరో పిల్లలను బతికించింది. అయితే అది అడ్డుకునే ఫోలేటు అనే విటమిన్ ఎదిగే మెదడుకూ అవసరమే. ఒకప్పుడు తలకు 24 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత) రేడియేషన్ ఇచ్చేవారు, తరువాత 18కి తగ్గించారు. ఆ పిల్లలు చదువులో ఎక్కువ నష్టపోయారు. అమెరికాలోని సెయింట్ జ్యూడ్ ఆసుపత్రి 2000లో మొదలుపెట్టిన ప్రయోగంలో ముందుజాగ్రత్త రేడియేషన్‌ను పూర్తిగా మానేసినా పిల్లలు బాగానే బతికారని 2009లో తేలింది. కీమో మాత్రమే తీసుకున్నవారిలోనూ కొందరికి ఏకాగ్రత, చేతిలోని పనిని గుర్తుంచుకోవడం, వేగం తగ్గుతాయి. చిన్న వయసులో చికిత్స జరిగితే ఆ ముప్పు ఎక్కువ.

పలమనేరు పెద్దమ్మ:
మేడమ్, మా అబ్బాయికీ ఇదే చికిత్స జరిగింది. డెక్సా అనే స్టెరాయిడ్ మందు ఇచ్చిన రోజుల్లో ఇల్లు పీకి పందిరి వేసేవాడు, నిద్ర ఉండేది కాదు. మందు ఆగాక అదీ పోయింది. ఇప్పుడు ఇంజనీరింగ్. బడికి దూరమైన బిడ్డ వెనకబడదా? ప్రతి తడబాటునూ కీమో ఖాతాలో వేస్తే, తనకేదో లోపముందని బిడ్డే నమ్ముతుంది.

తిరుపతి టీచరు:
మీ అబ్బాయి విషయం సంతోషం అమ్మా. అందరికీ ఇలా జరగదు, నిజమే. ఊహించకుండా కొలిపించమనేది అందుకే. కొందరిలో ఇబ్బంది పాఠాలు బరువెక్కాక, ఏళ్ల తరువాత బయటపడుతుంది. కాబట్టి ఒకసారి చూపించి వదిలేయకూడదు. నాన్నగారూ, వేలూరులో చికిత్స సారాంశం రాయించుకోండి: ఏ మందు మొత్తం ఎంత, వెన్నులో ఎన్నిసార్లు, రేడియేషన్ ఉందా లేదా. మనస్తత్వ నిపుణులకు ముందు కావలసినది అదే. 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద అర్హత ధ్రువపత్రం వస్తే, మూడు గంటల పరీక్షకు కనీసం ఒక గంట అదనంగా అడగవచ్చు. ఊరంతా చాటనక్కరలేదు, క్లాసు టీచరుకూ హెడ్మాస్టరుకూ తెలిస్తే చాలు.

చిత్తూరు నాన్న:
సారాంశం అడుగుతాను. క్లాసు టీచరుతో, పాప రాయడం నెమ్మది, ముందు బెంచీలో కూర్చోబెట్టండి అని చెబుతాను. జబ్బు పేరు మాత్రం చెప్పను.

తిరుపతి టీచరు:
కారణం చెప్పకుండా నెమ్మది అంటే, తొందరపెట్టి దారికి తేవాలనుకునే టీచర్లే ఎక్కువండీ. నా తోటివారిని చూసే చెబుతున్నాను.