యుద్ధం వస్తే పిల్లల్ని పంపేయాలా, దగ్గరే ఉంచుకోవాలా? 1939 బ్రిటన్ తరలింపు మీద చర్చ

పాతరేడియో:
1939 సెప్టెంబర్ 1. బ్రిటన్ జర్మనీ మీద యుద్ధం ప్రకటించడానికి ఇంకా రెండు రోజులుంది. ఆ రోజే నగరాల్లోని పిల్లల్ని పల్లెలకు పంపడం మొదలైంది. మూడు నాలుగు రోజుల్లో దాదాపు 15 లక్షల మంది కదిలారు. సగానికి పైగా బడిపిల్లలే, అమ్మానాన్నలు లేకుండా టీచర్ల వెంట వెళ్లినవాళ్లు. బలవంతం లేదు, పంపడం మానడం ఇంటివాళ్ల ఇష్టం. మరి పంపినవాళ్లది ఒప్పా, ఉంచుకున్నవాళ్లదా? నా ఓటు పంపడానికే. యుద్ధం ముగిసేలోగా బాంబుదాడుల్లో ఆ దేశంలో 7,700 మందికి పైగా పిల్లలు పోయారు. ఎవరినీ పంపకపోయి ఉంటే ఇంకెంతమంది పోయేవారో! ప్రాణం ఉంటే కదా మిగతావన్నీ.

హాస్టల్ గది 9:
అలా ఒక్క మాటలో తేల్చేస్తే ఎలాగండీ. ఆ పిల్లలు ఎలా వెళ్లారో చూడండి. బట్టలకు పేరు రాసిన చీటీ, భుజాన గ్యాస్ మాస్క్ డబ్బా, చేతిలో చిన్న సంచి. చాలామంది తల్లులకు పిల్లలు ఏ ఊరు వెళ్తున్నారో కూడా తెలియదు. అక్కడికి చేరి పోస్ట్‌కార్డ్ రాస్తేనే తెలిసేది. చాలాచోట్ల పిల్లల్ని ఊరి హాల్లో నిలబెడితే, ఊళ్లోవాళ్లు వచ్చి "ఈ పిల్లని నేను తీసుకెళ్తా" అని ఏరుకున్నారు. శుభ్రంగా కనిపించిన ఆడపిల్లలు, పొలం పనికి అక్కరకొచ్చే గట్టి కుర్రాళ్లు ముందే వెళ్లిపోయారు. చీకటి పడేదాకా ఎవరూ అడగని పిల్లాడి సంగతేంటి?

నేను పదో ఏట హాస్టల్లో పడ్డవాణ్ని. ఆదివారం విజిటింగ్ టైమ్ అయిపోయేదాకా గేటు వైపు చూస్తూ కూర్చోవడం ఎలా ఉంటుందో తెలుసు. కాబట్టి నాది పక్షపాతమే, ముందే ఒప్పుకుంటున్నా.

పాతరేడియో:
హాస్టల్‌కీ దీనికీ పోలికేంటండీ? మీ ఇంటి మీద బాంబులు పడలేదు కదా. అందరికీ చేదు అనుభవమే అన్నా తప్పే. తమను సాకిన ఇంటివాళ్లతో యుద్ధం అయ్యాక కూడా ఏళ్ల తరబడి ఉత్తరాలు నడిపినవాళ్లు ఉన్నారు.

లెక్కలమనిషి:
మధ్యలో దూరుతున్నా. 1939లో పిల్లల్ని పంపారు సరే, బాంబులు ఎప్పుడు పడ్డాయి? లండన్ మీద వరసదాడులు మొదలైంది 1940 సెప్టెంబర్ 7న. అంటే ఏడాది తర్వాత! ఈలోగా ఏ తల్లి అయినా ఏమనుకుంటుంది? "ఏమీ జరగట్లేదుగా, నా బిడ్డ పరాయి ఇంట్లో ఎందుకు?" అనుకోదూ? 1940 జనవరికల్లా ఒంటరిగా వెళ్లిన బడిపిల్లల్లో దాదాపు పదిలో నలుగురు, పసివాళ్లతో వెళ్లిన తల్లుల్లో పదింట తొమ్మిది మంది దాకా ఇంటికొచ్చేశారు.

డబ్బు సంగతీ ఉంది. స్తోమతను బట్టి ఒక్కో బిడ్డకు వారానికి 6 షిల్లింగుల దాకా తల్లిదండ్రులే కట్టాలని అక్టోబర్ చివర్లో నియమం వచ్చింది. భర్త సైన్యంలో ఉండి, సైన్యం పంపే కొద్ది డబ్బుతో ఇల్లు నడిపే ఆవిడకు అది చిన్న మొత్తం కాదు. వచ్చేసిన పిల్లలకు బడీ లేదు. నగరాల్లో చాలా బడులు మూసేశారు, కొన్నిట్లో రక్షణదళాలు దిగాయి. పిల్లలు రోడ్ల మీద తిరిగారు.

ప్రభుత్వం ఏం చేసిందంటే పోస్టర్ వేసింది. చెట్టు కింద పిల్లలతో తల్లి, వెనక నీడలా హిట్లర్, "వెనక్కి తీసుకుపో" అని ఆమె చెవిలో ఊదుతున్నట్టు. బిడ్డ మీద బెంగపడిన మనిషిని శత్రువు మాట వినే మనిషిగా చూపించడం నాకైతే రోత పుట్టించింది.

చిన్నపిల్లల వార్డు:
వృత్తిరీత్యా రోజూ పిల్లలతోనే ఉంటాను కాబట్టి ఒక మాట. వయసు చూడకుండా పంపాలా వద్దా అంటే కుదరదు. 1939 డిసెంబర్‌లోనే బౌల్బీ, విన్నికాట్, మిల్లర్ అనే బ్రిటిష్ డాక్టర్లు ఒక వైద్య పత్రికకు ఉత్తరం రాశారు, అయిదేళ్లలోపు పిల్లల్ని తల్లి నుంచి వేరు చేయడం ప్రమాదమని. ఆ తర్వాత లండన్‌లోని హాంప్‌స్టెడ్‌లో పిల్లల మనసు మీద పనిచేసిన అన్నా ఫ్రాయిడ్, డొరోతీ బర్లింగ్‌హామ్ యుద్ధకాలపు నర్సరీలు నడిపారు. బాంబుల కంటే తల్లి దూరం కావడమే పసివాళ్లను ఎక్కువ కుదిపిందని అక్కడ గమనించారు. బాంబుల నుంచి తలదాచుకునే షెల్టర్‌లో తల్లి నిబ్బరంగా ఉంటే బిడ్డా నిబ్బరంగానే ఉండేది.

పల్లెల్లో ఆశ్రయమిచ్చినవాళ్ల పెద్ద ఫిర్యాదు ఏంటో తెలుసా? పిల్లలు పక్క తడుపుతున్నారని. "నగరం మురికివాడల పిల్లలు, పెంపకం అంతే" అన్నారు. ఎనిమిదేళ్ల పిల్లాడు కొత్త ఇంట్లో, కొత్త మంచం మీద, అమ్మ ఎప్పుడొస్తుందో తెలియక పక్క తడిపితే అది పెంపకం లోపమా!

అదే యుద్ధంలో ఫిన్లాండ్ నుంచి సుమారు 70,000 మంది పిల్లల్ని స్వీడన్ పంపారు. కొందరు తిరిగొచ్చేసరికి ఫిన్నిష్ మర్చిపోయారు, కన్నతల్లితో మాట్లాడలేకపోయారు. అయితే వెళ్లినవాళ్లనీ ఇంట్లోనే ఉన్న వాళ్ల తోబుట్టువులనీ పోల్చిన 2015 అధ్యయనంలో, మానసిక సమస్యలతో ఆస్పత్రిలో చేరడం మొత్తం మీద ఎక్కువగా లేదని తేలింది. వెళ్లిన ఆడపిల్లల్లో మాత్రం డిప్రెషన్ లాంటి జబ్బులతో చేరినవాళ్లు ఎక్కువ. కాబట్టి ఇద్దరూ దీన్ని మీ వైపు లాక్కోకండి.

హాస్టల్ గది 9:
లాక్కోను. కానీ పంపితే క్షేమం అనే మాట కూడా నిజం కాదు. 1940 సెప్టెంబర్ 17న 'సిటీ ఆఫ్ బెనారస్' ఓడ మునిగింది. ప్రభుత్వ పథకం కింద కెనడా వెళ్తున్న 90 మంది పిల్లల్లో 77 మంది పోయారు. ఒక లైఫ్‌బోట్‌లో ఆరుగురు అబ్బాయిలు ఎనిమిది రోజులు అట్లాంటిక్ మీద ఉన్నారు. వాళ్లతో ఉన్న మేరీ కార్నిష్ అనే పియానో టీచర్ చలికి బిగుసుకుపోయిన వాళ్ల కాళ్లు రుద్దుతూ, రోజూ ఒక సాహసకథ అల్లి చెప్పేది. ఆరుగురూ బతికారు.

ఇద్దరు పిల్లల తల్లి:
ఉంచుకుంటే మాత్రం క్షేమమా? తోటలో పాతుకునే ఆండర్సన్ షెల్టర్ కావాలంటే ముందు తోట ఉండాలి. ఇరుకు సందుల్లో ఉండేవాళ్లకు తోట ఎక్కడిది? 1943 మార్చి 3న లండన్‌లోని బెత్నల్ గ్రీన్ భూగర్భ రైల్వే స్టేషన్ షెల్టర్ మెట్ల మీద తొక్కిసలాటలో 173 మంది చనిపోయారు, అందులో 62 మంది పిల్లలు. ఆ రాత్రి అక్కడ బాంబే పడలేదు.

ఇది చదువుతుంటే మా పెద్దది వచ్చి "నన్నైతే పంపేదానివా?" అని అడిగింది. నువ్వు చెప్పు అన్నా. "తమ్ముడు నాతోనే ఉంటాడంటే వెళ్తా" అంది.

పాతరేడియో:
సరే, కాస్త తగ్గుతున్నా. అయిదేళ్లలోపు వాళ్లను తల్లితోనే పంపాలి. పెద్దపిల్లల్ని పంపడం ఇప్పటికీ తప్పనను. అన్నదమ్ముల్ని, అక్కాతమ్ముళ్లని విడదీయకుండా ఉంటే చాలు.

లెక్కలమనిషి:
అది అనుకున్నంత తేలిక కాదండీ. ఆశ్రయమిచ్చిన ఇంటికి వారానికి ఎంత ఇచ్చేవారో చూడండి. ఒక్క బిడ్డనే తీసుకుంటే 10 షిల్లింగుల 6 పెన్నీలు (అప్పట్లో షిల్లింగుకు 12 పెన్నీలు). ఒకరికి మించి తీసుకుంటే తలకు 8 షిల్లింగుల 6 పెన్నీలే. అంటే అక్కాతమ్ముళ్లు ఒకే ఇంట్లో ఉంటే ఆ ఇంటికి 17 షిల్లింగులు, చెరో ఇంటికి వెళ్తే రెండిళ్లకూ కలిపి 21. కలిపి ఉంచినవాళ్లకే తక్కువ ముట్టేది.