మా బావమరిది పోర్టులో ట్రైలర్ డ్రైవర్. క్రేన్ కోర్సుకి లక్షన్నర కట్టమంటారా?

గాజువాక అల్లుడు:
మా బావమరిది పదకొండేళ్లుగా విశాఖలో ఒక కంటైనర్ టెర్మినల్ లోపల ట్రైలర్ తోలుతున్నాడు. కాంట్రాక్టు మీదే. ఓడ దగ్గర క్రేన్ దింపిన పెట్టెని యార్డుకి తీసుకెళ్లాలి, అక్కడ క్రేన్ కింద ఆపాలి, మళ్లీ వెనక్కి రావాలి. షిఫ్టంతా ఇదే. మొన్న ఎవరో వాళ్ల వాట్సాప్ గ్రూపులో చైనా వీడియో పెట్టారట. డ్రైవర్ క్యాబిన్ కూడా లేని బళ్లు వాటంతటవే పెట్టెలు మోసుకుపోతున్నాయి. అప్పట్నుంచి మనిషికి నిద్ర లేదు. ఒక ట్రైనింగ్ సెంటర్ వాళ్లేమో క్రేన్ ఆపరేటర్ కోర్సు చేస్తే ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. ఫీజు లక్షన్నర. మా అత్తగారు మెడలో గొలుసు తీసి టేబుల్ మీద పెట్టేశారు. నేను మెడికల్ షాపు వాణ్ణి, నాకు పోర్టు సంగతులు తెలీవు. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

పాత టిండాల్:
బాబూ, ముందు ఆ గొలుసు బీరువాలో పెట్టించు.

నేను 1979లో డాకులో కలాసీగా చేరాను, టిండాల్‌గా, అంటే గ్యాంగు మేస్త్రీగా దిగాను. ఓడ అడుగున నిలబడి యూరియా బస్తాలు స్లింగులో పేర్చేవాళ్లం. చెమటకి యూరియా కరిగి వీపు భగభగమండేది. షిఫ్టు దిగి పాత పోస్టాఫీసు దగ్గర టీ తాగితే ఆ టీ కూడా యూరియా వాసనే. ఆ పని పోయిందని నేనేం ఏడవను. ఎలా పోయిందో మాత్రం చెప్తాను.

మా ఊరికి యంత్రం కొత్త కాదు. ఇనుప ఖనిజం లోడింగ్ 1965లోనే బెల్టుల మీదకెక్కింది. 1976లో ఔటర్ హార్బర్ వచ్చింది, 2003లో అక్కడే కంటైనర్ టెర్మినల్ మొదలైంది. మమ్మల్ని ఎవరూ పొమ్మనలేదు. రిటైరైనవాడి జాగాలో కొత్తవాణ్ణి తీసుకోలేదు, అంతే. తొందరగా వెళ్తామన్నవాళ్లకి వీఆర్ఎస్ ఇచ్చారు. మా గ్యాంగులో పద్నాలుగు మందిమీ పెన్షన్‌తోనే ఇంటికెళ్లాం. మా పిల్లల్లో ఒక్కడికీ పర్మినెంటు ఉద్యోగం రాలేదు. లోపలికి వెళ్లినవాళ్లు మీ బావమరిదిలా కాంట్రాక్టు మీద వెళ్లినవాళ్లే. యూనియన్‌లో మేం కూడా మా జీతం, మా ఓటీ గురించే కొట్లాడాం. రేపు వచ్చేవాడి సంగతేమిటని ఒక్క మీటింగులోనూ అడిగిన గుర్తు లేదు.

తువాస్ నైట్ షిఫ్ట్:
మాది అనకాపల్లి. సింగపూర్ తువాస్ పోర్టులో మెయింటెనెన్స్ టెక్నీషియన్‌ని. ఆ వీడియోలో చూసినలాంటి బళ్లు నాకు రోజూ ఎదురొస్తాయి. నేలలో పాతిన ట్యాగులు చదువుకుంటూ బ్యాటరీ మీద తిరుగుతాయి. ఈ పోర్టు 2022లో అధికారికంగా తెరిచారు, 2040ల్లో పూర్తయ్యేసరికి ఏడాదికి ఆరున్నర కోట్ల ఇరవై అడుగుల పెట్టెలు పట్టాలని ప్లాను. ఇక్కడ ఆటోమేషన్‌కి పెద్ద కారణం మనుషులు దొరక్కపోవడం. మనకి ఆ బాధ లేదు కదా.

అసలు సంగతి ఇది. మామూలుగా డ్రైవర్ కంటే ముందు మనిషిని దింపేది యార్డు క్రేన్ క్యాబిన్‌లోంచి. యార్డు చుట్టూ కంచె వేస్తే చాలు, క్రేన్ పట్టాల మీద తనే తిరుగుతుంది. ట్రైలర్ తిరిగే దారిలో మనుషులూ, బళ్లూ, వానా, అన్నీ అడ్డమే. కేరళలో విళింజం పోర్టు చూడండి. యార్డు క్రేన్లలో ఎవరూ ఉండరు, కంట్రోల్ రూంలో కూర్చుని వాటిని నడిపేవాళ్లలో ఆ చుట్టుపక్కల ఊళ్ల ఆడపిల్లలున్నారు. కింద ట్రైలర్ మాత్రం డ్రైవరే తోలుతున్నాడు. అంటే మీవాడు లక్షన్నర పోసి, ముందు పోయే సీటు కొనుక్కుంటున్నాడు!

ఇంకోటి. ఇంత పోర్టులోనూ ఓడ మీద పెట్టెలకి రాడ్లు బిగించేది ఇప్పటికీ మనిషే, వానలో రెయిన్‌కోటు వేసుకుని.

ఫ్రైట్ లెక్కలు:
నా పని ఓడల బిల్లులు చూడటం, కాబట్టి డబ్బు సంగతి చెప్తాను. మెకిన్సీ అనే కన్సల్టింగ్ కంపెనీ వాళ్లు 2018లో వేసిన లెక్క ప్రకారం ఆటోమేటిక్ పోర్టుల్లో నడిపే ఖర్చు 15 నుంచి 35 శాతం తగ్గింది, కానీ పని జరిగే జోరు కూడా 7 నుంచి 15 శాతం పడిపోయింది. లాస్ ఏంజెలిస్ జీతాలతో వేసుకుంటేనే లాభమా కాదా అని వాదులాడుకుంటున్నారు, మన ట్రైలర్ డ్రైవర్ జీతానికి ఆ లెక్క ఇప్పట్లో కుదరదు. కొత్తగా కట్టే పోర్టుల సంగతి వేరు, అక్కడ మొదట్నుంచే తక్కువ మందితో ప్లాను వేస్తారు.

టిండాల్ గారూ, యంత్రాల గురించి యూనియన్ తరఫున బేరమాడినవాళ్లున్నారు. అమెరికా పడమటి తీరంలో 1960లో హ్యారీ బ్రిడ్జెస్ నడిపిన డాకు కార్మికుల యూనియన్ యంత్రాలకి ఒప్పుకుంది, బదులుగా కార్మికుల కోసం 2.9 కోట్ల డాలర్ల నిధి పెట్టించుకుంది. తూర్పు తీరం వాళ్లు 2024 అక్టోబరులో మూడు రోజులు పని ఆపితే ఆరేళ్లలో 62 శాతం జీతం పెంపుకి ఒప్పందం కుదిరింది. ఆటోమేషన్ గొడవ మాత్రం అక్కడ తేలక జనవరికి వాయిదా పడింది.

పాత టిండాల్:
వాళ్లు పర్మినెంటు వాళ్లు బాబూ. కాంట్రాక్టు కుర్రాడు మూడు రోజులు పని ఆపితే నాలుగో రోజు గేటు పాసు పనిచేయదు.

గాజువాక అల్లుడు:
ఇప్పుడే ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. మా అత్తగారు గొలుసు తీసి మెడలో వేసుకున్నారు. మా వాడు ఎప్పుడో ఐటీఐ ఎలక్ట్రీషియన్ పాసయ్యాడని ఇవాళే తెలిసింది! సర్టిఫికెట్ చీరల కింద దొరికింది, 2012ది. తువాస్ గారూ, అది ఇప్పుడు చెల్లుతుందా?

తువాస్ నైట్ షిఫ్ట్:
చెల్లుతుంది. కోర్సు మాట పక్కన పెట్టి, క్రేన్ మెయింటెనెన్స్ చూసే సబ్ కాంట్రాక్టరు దగ్గర హెల్పర్‌గా అడగమనండి. మొదట్లో జీతం తగ్గుతుంది, ఆ మాట ఇంట్లో ముందే చెప్పండి. కేబుల్ రీల్, సెన్సార్లు, డ్రైవ్ ప్యానెల్, ఈ మూడూ చేత్తో ముట్టుకుంటే చాలు. సర్టిఫికెట్ మీద పేరు, ఆధార్ మీద పేరు ఒకేలా ఉన్నాయో లేదో ఇవాళే చూడండి. నాకు ఒక్క అక్షరం తేడాతో ఎనిమిది నెలలు పోయాయి.

గాజువాక అల్లుడు:
చూశాను. ఇంటిపేరు తప్పు పడింది.