పాత మౌంటెన్ బైక్‌కు సస్పెన్షన్ స్టెమ్ బిగించడం మేలేనా?

ఒంగోలు_పాతబండి: 1990ల ఆరంభం నాటి ఉక్కు ఫోర్కు (ముందుచక్రాన్ని పట్టుకునే భాగం) ఉన్న మౌంటెన్ బైక్ నా దగ్గర ఉంది. చీమకుర్తి క్వారీల వైపు టిప్పర్లు తిరిగి గతుకులు పడిన దారుల్లో తొక్కితే మణికట్లు పీకుతున్నాయి. ఫోర్కు మార్చి బండి రూపు చెడగొట్టుకోవడం ఇష్టం లేదు కనుక, గిర్విన్ ఫ్లెక్స్‌స్టెమ్, సాఫ్ట్‌రైడ్ వంటి ఆనాటి సస్పెన్షన్ స్టెమ్‌లు (హ్యాండిల్‌ను ఫోర్కుకు కలుపుతూ, గతుకులకు కుంగే భాగాలు) వాడినవారు తమ అనుభవం చెప్పవలసిందిగా కోరుతున్నాను.

ఉదయగిరి_రైడర్: గిర్విన్ వాడాను. అందులో పైవట్ (కీలు) ఒక్కటే. స్టెమ్ ముందుభాగం దాని చుట్టూ కిందికి వంగినప్పుడు మధ్యనున్న రబ్బరు దిమ్మ దెబ్బను తీసుకుంటుంది. చిన్న గతుకుల మీద చేతులకు నిజంగానే సుఖం. అయితే హ్యాండిల్ కుంగడంతో పాటు ముందుకు తిరుగుతుంది కాబట్టి, ఉదయగిరి కొండ దిగువ బాటల్లో బ్రేకు పట్టి ఒంటి బరువు చేతుల మీదికి వచ్చినప్పుడు, పట్టు కావలసిన సమయంలోనే బ్రేకు లివర్ల కోణం మారిపోతుంది. అది నాకు నచ్చలేదు.

కావలి_మెకానిక్: ఆ ఇబ్బంది సాఫ్ట్‌రైడ్‌లో లేదండీ. సమాంతరంగా రెండు లింకులు ఉండడం వల్ల హ్యాండిల్ తిరగకుండా నిటారుగా దిగుతుంది. బరువు ఎక్కువ, కీళ్లలో ఉండే బుష్‌లూ ఎక్కువే. అవి అరిగితే హ్యాండిల్ పక్కలకు ఊగుతుంది. కనుక కొనేముందు ముందుచక్రాన్ని మోకాళ్ల మధ్య బిగించి హ్యాండిల్ తిప్పి చూడండి. గిర్విన్ దొరికితే పాత రబ్బరును నమ్మవద్దు. గట్టిపడిపోయి గాని పొడిరాలుతూ గాని ఉంటుంది. అదే కొలతకు పాలీయురెథేన్ దిమ్మను లేత్ మీద తీయించుకోవచ్చు. అంతకన్నా ముఖ్యం, క్యాంటిలీవర్ బ్రేకు కేబుల్ ఆపు (కేబుల్ పైతొడుగు ఆగే చోటు) స్టెమ్ మీద ఉండకూడదు. స్టెమ్ కదిలినప్పుడల్లా కేబుల్ బిగువు మారుతుంది గనుక హెడ్‌సెట్ (ఫోర్కు తిరిగే బేరింగుల చోటు) దగ్గరే కేబుల్ ఆపడానికి వేరే హ్యాంగర్ వేయించండి.

నెల్లూరు_సముద్రతీరం: నాది వ్యతిరేకాభిప్రాయం. స్టెమ్ కాపాడేది చేతులనే, చక్రాన్ని కాదు. గుంతలో ఫోర్కూ ఫ్రేమూ యథాతథంగా ఎగురుతాయి, టైరు పట్టు ఏమాత్రం పెరగదు. రాక్‌షాక్స్ కంపెనీ సస్పెన్షన్ ఫోర్కులు వచ్చాక ఈ స్టెమ్‌లు వెనుకబడడానికి ముఖ్య కారణం అదే. వెడల్పాటి టైరు వేసి గాలి కొంచెం తగ్గించడం చవకైన మార్గం. మైపాడు వంటి తీరప్రాంతాల్లో ఉప్పుగాలికి అల్యూమినియం స్టెమ్ ఫోర్కు ఉక్కు గొట్టంలో పట్టేస్తుంది, ఏది వేసినా క్విల్‌కు (ఆ గొట్టంలోకి దిగే స్టెమ్ కాడకు) గ్రీజు రాయడం మరవకండి.

ఒంగోలు_పాతబండి: అందరికీ కృతజ్ఞతలు. దిగుడు బాటల జోలికి నేను పోను కనుక టైర్లతో మొదలుపెట్టి, చాలకపోతే సాఫ్ట్‌రైడ్ కోసం వెతుకుతాను. కొలత ఎలా చూడాలి?

కావలి_మెకానిక్: ఉన్న స్టెమ్ ఊడదీసి క్విల్‌ను కాలిపర్‌తో కొలవండి. అంగుళం ఫోర్కు గొట్టానికి 22.2 మి.మీ., 1⅛ అంగుళాల గొట్టానికి 25.4 మి.మీ., 1¼కు 28.6 మి.మీ. ఉంటుంది.