కారవాన్ లాగడానికి మాన్యువల్ తీసుకోవాలా, ఆటోమేటిక్ తీసుకోవాలా?

లీడ్స్_గోదావరి:

అందరికీ నమస్కారం. మేము ఇంగ్లండ్‌లో లీడ్స్‌లో ఉంటాం. జూలై ఆఖర్లో పిల్లలకు స్కూలు సెలవులు మొదలవగానే అమ్మానాన్నలు రాజమండ్రి నుంచి వస్తున్నారు. కిందటిసారి వచ్చినప్పుడు హోటళ్లలో చాలా ఇబ్బంది పడ్డారు. నాన్నకి షుగర్, వేళకి తినాలి. అమ్మ బయట వండింది ముట్టదు, నాలుగు రోజులూ బ్రెడ్డూ అరటిపళ్లతో గడిపింది, చూస్తుంటే నాకే బాధేసింది. అందుకని ఈసారి ఎలాగైనా వంటా, బాత్రూమూ మనతోనే ఉండాలని ఒక సెకండ్‌హ్యాండ్ కారవాన్ కొన్నాం. ఆరుగురు పడుకోవచ్చు, సామానుతో కలిపి గరిష్ఠంగా 1,500 కేజీలు.

ఇప్పుడు దాన్ని లాగే కారు కావాలి. ఒకే మోడల్లో రెండు దొరికాయి. 7 సీట్ల డీజిల్, ఖాళీ బరువు 1,800 కేజీలు. ఒకటి మాన్యువల్, ఇంకొకటి ఆటోమేటిక్, ఆటోమేటిక్‌కి 2,200 పౌండ్లు ఎక్కువ. నాకు మాన్యువల్ చిన్నప్పటి నుంచీ అలవాటే. మా ఆవిడ మాత్రం ఇక్కడ ఆటోమేటిక్‌లోనే టెస్ట్ పాసైంది. అమ్మేవాడేమో బరువు లాగితే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ వేడెక్కి పోతుంది, మాన్యువలే తీసుకోమంటాడు. ఆఫీసులో ఒకాయన రెండేళ్లకే క్లచ్ మార్చాల్సి వచ్చింది, మాన్యువల్ జోలికి పోవద్దంటాడు. స్వయంగా లాగినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ఇంతవరకు ట్రైలర్ కూడా లాగినవాణ్ణి కాదు, కాస్త టెన్షన్‌గానే ఉంది.

యార్క్_బెజవాడ:

ఐదేళ్లు మాన్యువల్‌తో లాగాను, ఇప్పుడు ఆటోమేటిక్‌తో లాగుతున్నాను, కాబట్టి రెండూ చూసినట్టే.

మీరు లీడ్స్ అంటున్నారు కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు విట్బీ సముద్రానికి వెళ్తారు. పికరింగ్ దాటాక ఏ169 రోడ్డు మూర్స్ అనే కొండ బీళ్ల మీదుగా పోతుంది, చివర్లో స్లైట్స్ ఊరి దగ్గర బ్లూ బ్యాంక్ అని ఒక దిగుడు ఉంటుంది. 20 శాతం వాలు, అంటే ఐదడుగులు ముందుకెళ్తే ఒక అడుగు కిందికి. బ్రేకులు ఫెయిలైన బండ్ల కోసం పక్కన ఎస్కేప్ లేన్ కూడా కట్టారు. వెళ్లేటప్పుడు సెకండ్ గేర్‌లో నెమ్మదిగా దిగిపోయాం, ఏమీ కాలేదు. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం సరిగ్గా ఎక్కుడు మధ్యలో ముందు బండ్లన్నీ ఆగిపోయాయి. వెనక 1,300 కేజీల కారవాన్, దాని వెనక వరసగా కార్లు. హ్యాండ్‌బ్రేక్ వేసుకుని, హాఫ్ క్లచ్ మీద పట్టుకుని, ఆక్సిలరేటర్ తొక్కి, హ్యాండ్‌బ్రేక్ వదిలితే బండి కదలడానికి ముందు ఒక జానెడు వెనక్కి జారింది. మళ్లీ ఆగాం. మళ్లీ కదిలాం. మూడోసారికి లోపలంతా కాలిన క్లచ్ వాసన, పిల్లలు ముక్కు మూసుకున్నారు. పైకి చేరాక రోడ్డు పక్కన బండ్లు ఆపుకునే లే బైలో అరగంట ఆపేశాను. ఆరు నెలల తర్వాత క్లచ్ జారడం మొదలైంది, ఫ్లైవీల్‌తో కలిపి మార్పించాల్సి వచ్చింది. మీకు తేడా 2,200 పౌండ్లు అంటున్నారు కదా, నాకైన ఖర్చు అందులో సగం పైనే.

ఒక సంగతి తర్వాత తెలిసింది. కార్ల కంపెనీలు ఇంత బరువు లాగొచ్చు అని ఇచ్చే లెక్కకు ఆధారం 12 శాతం వాలు మీద పరీక్ష. ఐదు నిమిషాల్లో ఐదుసార్లు ఆగి మళ్లీ కదలగలగాలి. బ్లూ బ్యాంక్ 20 శాతం. అంటే కాగితం మీద అంతా సరిగ్గానే ఉన్నా మన రోడ్డు ఆ పరీక్ష కంటే కష్టమైనది కావచ్చు. థర్స్క్ దగ్గర ఏ170 మీద సట్టన్ బ్యాంక్ ఇంకా ఘోరం, అక్కడ కారవాన్లకు అసలు అనుమతే లేదు, దారి చూపే సాట్‌నావ్ చెప్పిందని వెళ్లకండి.

ఇప్పుడున్న ఆటోమేటిక్‌లో అదే బ్లూ బ్యాంక్ ఎక్కాను. బ్రేక్ మీద నుంచి కాలు తీసి ఆక్సిలరేటర్ మీద పెట్టాను, కదిలింది. అంతే. నా ఓటు ఆటోమేటిక్‌కే.

గేర్‌బాక్స్_ప్రియుడు:

యార్క్ అన్న చెప్పింది నిజం, కానీ ఆటోమేటిక్ అనగానే అన్నీ ఒకటే అనుకుంటే మోసపోతారు. లోపల ఏ రకం గేర్‌బాక్స్ ఉందో ముందు కనుక్కోండి, నిర్ణయం దాని మీదే ఉంటుంది.

పాతకాలం నుంచీ ఉన్నది టార్క్ కన్వర్టర్. రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకటి ఆన్ చేస్తే ఆ గాలికి రెండోది తిరుగుతుంది చూడండి, అలాంటిదే, గాలికి బదులు ఆయిల్. కదిలే క్షణంలో ఇంజన్ టార్క్‌ని, అంటే తిప్పే బలాన్ని, దాదాపు రెట్టింపు చేసి చక్రాలకు ఇస్తుంది. అరిగిపోయే క్లచ్ ప్లేటు మీద ఆ భారం పడదు, వేడంతా ఆయిల్‌లోకి పోతుంది, ఆయిల్‌ని కూలర్ చల్లబరుస్తుంది. అందుకే బరువు లాగడానికి ఇదే మేలు. బీఎండబ్ల్యూ, ల్యాండ్ రోవర్ లాంటి వాటిలో వచ్చే జెడ్‌ఎఫ్ 8 స్పీడ్, ప్యూజో, సిట్రోయెన్‌లలో వచ్చే ఈఏటీ8 ఈ రకమే.

రెండోది డ్యూయల్ క్లచ్, డీఎస్‌జీ అంటారు. పేరుకి ఆటోమేటిక్, లోపల ఉన్నవి మాత్రం మాన్యువల్‌లో లాంటి గేర్లూ రెండు క్లచ్‌లూ, వాటిని కంప్యూటర్ నొక్కి వదులుతుంది. ఇందులో మళ్లీ డ్రై, వెట్ అని రెండు. డీక్యూ200 అనే 7 స్పీడ్ డ్రై రకం 250 న్యూటన్ మీటర్ల టార్క్ ఇంజన్ల వరకే పెడతారు, దానితో 1,500 కేజీలు ఎత్తు రోడ్ల మీద లాగమని నేను చెప్పను. వెట్ క్లచ్ రకం ఆయిల్‌లో మునిగి ఉంటుంది, పెద్ద డీజిల్ ఇంజన్లకి వచ్చేది సాధారణంగా అదే, చాలామంది ఏ ఇబ్బందీ లేకుండా లాగుతున్నారు. కాకపోతే ట్రాఫిక్‌లో ఎత్తు మీద ఆక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టి ఉంచకూడదు, ఆగితే బ్రేక్ పూర్తిగా తొక్కి ఉంచాలి. లేదంటే మాన్యువల్‌లో హాఫ్ క్లచ్ మీద పెట్టి ఉంచినట్టే.

సీవీటీలూ (విడివిడి గేర్లు లేని ఆటోమేటిక్‌లు), హైబ్రిడ్‌లూ అయితే మోడల్‌ని బట్టి టోయింగ్ లిమిట్, అంటే లాగగలిగే బరువు, బాగా తక్కువ ఉండొచ్చు. మీవి డీజిల్ అంటున్నారు కాబట్టి ఆ గొడవ లేదు.

మీ అమ్మేవాడు చెప్పిన వేడి సంగతి పూర్తిగా అబద్ధం కాదు. ఆయిల్ మార్చకపోతే ఏ ఆటోమేటిక్ అయినా పోతుంది. బండి ఉన్నంతకాలం ఆయిల్ మార్చక్కర్లేదు అని చెప్పేవాళ్లున్నారు, నమ్మకండి. జెడ్‌ఎఫ్ కంపెనీయే తన గేర్‌బాక్సులకు 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. బరువు లాగే బండికి ఇంకా ముందే మార్పించండి. కొనే ముందు సర్వీస్ హిస్టరీలో గేర్‌బాక్స్ ఆయిల్ మార్చిన బిల్లు ఉందేమో అడగండి, లేకపోతే ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి.

పాలమూరు_కార్డిఫ్:

నేను ఇప్పటికీ మాన్యువల్‌తోనే లాగుతున్నాను, 1,150 కేజీల చిన్న కారవాన్, ఏడేళ్లయింది, క్లచ్ ఇంకా మొదటిదే. అందరూ మాన్యువల్‌ని మరీ తీసిపారేస్తున్నారు కాబట్టి రాస్తున్నా. బరువు తక్కువైతే, ఎక్కువగా మోటర్‌వేల మీద తిరిగితే మాన్యువల్‌తో ఏ కష్టమూ లేదు, రిపేరు కూడా ఏ చిన్న గ్యారేజీలో అయినా చేస్తారు. పాత ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పాడైతే వచ్చే బిల్లు క్లచ్ బిల్లు కంటే చాలా పెద్దది, అది కూడా లెక్కలో పెట్టుకోండి.

అయితే ఒక్కచోట మాన్యువల్ నిజంగా ఇబ్బంది పెడుతుంది. రివర్స్. కారు రివర్స్ గేర్ మనం నడిచే నడకంత నెమ్మదిగా పోదు, కారవాన్‌ని క్యాంప్‌సైట్‌లో రెండు చెట్ల మధ్యకి నెట్టాలంటే క్లచ్‌ని అరపాదం మీద పట్టుకునే ఉండాలి, అందులోనూ గడ్డి నేల, పైగా కాస్త ఎత్తు. క్లచ్‌లు కాలేది ఇక్కడే, హైవే మీద కాదు. ఊళ్లో ట్రాక్టర్ ట్రాలీ రివర్స్ కొట్టినవాళ్లకి చెయ్యి ఎటు తిప్పాలో తెలిసి ఉంటుంది, స్టీరింగ్ కుడికి తిప్పితే ట్రాలీ ఎడమకి పోతుంది, ఇదీ అంతే. నేర్చుకునేదాకా మాత్రం పదిసార్లు ముందుకీ వెనక్కీ తిప్పుతాం, ఆ పదిసార్లూ క్లచ్ మీదే పడుతుంది. మీ కారవాన్‌కి మోటర్ మూవర్ ఉందా? రిమోట్‌తో కారవాన్ దానంతటదే కదులుతుంది, ఉంటే ఈ బాధ చాలా వరకు తీరుతుంది. ఆటోమేటిక్ అయితే బ్రేక్ కొద్దిగా వదిలితే చాలు, చీమ నడిచినట్టు పోతుంది, కారు వెనక కారవాన్‌ని తగిలించే టో బార్ బంతిని కారవాన్ ముక్కుకుండే కొక్కెం కిందికి సరిగ్గా తేవడానికి కూడా అది బాగా పనికొస్తుంది, ఒప్పుకుంటాను.

ఇక దిగుడు. శ్రీశైలం ఘాట్‌లో లారీ డ్రైవర్లు చెప్పే మాటే ఇక్కడా, ఏ గేర్‌లో ఎక్కుతావో ఆ గేర్‌లోనే దిగు. ఆటోమేటిక్ కొన్నా సరే గేర్‌ని డీ (డ్రైవ్)లో పెట్టి వదిలేయొద్దు, మాన్యువల్ మోడ్‌లోకి మార్చి రెండో గేరో మూడో గేరో పట్టి ఉంచండి. లేకపోతే బండి పై గేర్‌కి పోతుంది, బరువంతా బ్రేకుల మీద పడుతుంది.

లీడ్స్_గోదావరి:

చాలా థాంక్స్ అండీ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఆటోమేటిక్ కారు గురించి కనుక్కున్నాను, 7 స్పీడ్ వెట్ క్లచ్ డీఎస్‌జీ. గేర్‌బాక్స్ ఆయిల్ ఒకసారి మార్చిన బిల్లు ఉంది. మోటర్ మూవర్ ఉంది కానీ బ్యాటరీ పోయింది. ఇంకో రెండు సందేహాలు. మా ఆవిడ ఆటోమేటిక్ లైసెన్స్‌తో కారవాన్ లాగొచ్చా? మేం ఆరుగురం కారులో కూర్చుంటే బరువు సరిపోతుందా?

విశాఖ_రెడింగ్:

మొదటిదానికి నేను చెప్తాను, నాదీ ఆటోమేటిక్ లైసెన్సే, వెనకాల కోడ్ 78 అని ఉంటుంది. లాగొచ్చు. 1997 జనవరి 1 తర్వాత కారు టెస్ట్ పాసైనవాళ్లకి పెద్ద ట్రైలర్లకి ఇంకో టెస్ట్ ఉండేది, 2021 డిసెంబర్ 16 నుంచి అది తీసేశారు. ఇప్పుడు గ్రేట్ బ్రిటన్‌లో 3,500 కేజీల ట్రైలర్ వరకు అందరూ లాగొచ్చు, ఆటోమేటిక్ లైసెన్స్ వాళ్లు ఆటోమేటిక్ కారుతో. మాన్యువల్ కొంటే మాత్రం ఆవిడ ఆ కారు ముట్టుకోవడానికే లేదు, కారవాన్ ఉన్నా లేకపోయినా. నాకు అన్నిటికంటే పెద్ద కారణం ఇదే అనిపిస్తోంది. కార్న్‌వాల్ దాకా ఏడెనిమిది గంటలు మీరొక్కరే నడుపుతారా? మధ్యలో మీకు జ్వరమొస్తే? మా ఆయన నడుం పట్టేసి పడుకున్నప్పుడు వేల్స్ నుంచి ఇంటిదాకా నేనే లాక్కొచ్చాను. ఆ రోజు కారు మాన్యువల్ అయ్యుంటే అక్కడే చిక్కుకుపోయేవాళ్లం.

టెస్ట్ అక్కర్లేదని నేరుగా రోడ్డెక్కకండి, ఇద్దరూ ఒకరోజు ట్రైనింగ్ తీసుకోండి. కారవాన్ పక్కల నుంచి వెనక కనపడేలా కారుకి తగిలించే టోయింగ్ అద్దాలు తప్పకుండా పెట్టండి, వెనక సరిగ్గా కనపడకపోతే 1,000 పౌండ్ల దాకా జరిమానా, లైసెన్స్ మీద 3 పెనాల్టీ పాయింట్లు. మోటర్‌వే మీద గంటకు 60 మైళ్లు దాటకూడదు, మూడు లేన్లుంటే కుడి చివర లేన్‌లోకి వెళ్లకూడదు.

గేర్‌బాక్స్_ప్రియుడు:

రెండో సందేహానికి. ఇక్కడ కొత్తవాళ్లకి ఇచ్చే సలహా ఏమిటంటే, కారవాన్ బరువు కారు ఖాళీ బరువులో 85 శాతం దాటకూడదు. మీది 1,800కి 1,500, అంటే 83 శాతం, పర్వాలేదు. కానీ ఆరుగురు మనుషులూ సూట్‌కేసులూ అంటే కారు లోపలే 500 కేజీలు దాటుతుంది. డ్రైవర్ తలుపు దగ్గర ఉండే ప్లేటు చూడండి. మొదటి బరువు కారు ఒక్కదానికి, రెండోది కారూ కారవాన్ కలిపి. రెండూ దాటకూడదు. కారవాన్ ముక్కు టో బార్ మీద మోపే బరువు కూడా, అదో 80, 100 కేజీలు, కారు లెక్కలోకే వస్తుంది, ఇది చాలామంది మర్చిపోతారు. మాన్యువల్‌కీ ఆటోమేటిక్‌కీ ఈ అంకెలు వేరుగా ఉండొచ్చు, రెండు కార్ల ప్లేట్లూ ఫొటో తీసుకోండి.

బరువైన సామాను కారవాన్‌లో ఇరుసు మీదుగా, కింద పెట్టండి. వెనకాల పెడితే హైవే మీద తోక ఊగినట్టు ఊగుతుంది. ఊగితే బ్రేక్ గట్టిగా తొక్కకండి, ఆక్సిలరేటర్ వదిలి స్టీరింగ్ తిన్నగా పట్టుకోండి.

లీడ్స్_గోదావరి:

ఈరోజు వెళ్లి ప్లేట్లు చూశాం. ఆటోమేటిక్‌లో మొదటి అంకె 2,480, రెండోది 4,480. ఆరుగురం, టో బార్ బరువు కలిపి లెక్కేస్తే కారులో సామానుకి మిగిలేది చాలా కొద్ది. బియ్యం, కుక్కర్, పచ్చళ్ల సీసాలు కారవాన్‌లోకే వెళ్తాయి, దాని 1,500 దాటకుండా వేబ్రిడ్జి మీద తూయిస్తాను. ఆటోమేటిక్‌కే అడ్వాన్స్ ఇచ్చాం, గేర్‌బాక్స్ ఆయిల్ మళ్లీ మార్చి ఇస్తానన్నాడు. మూవర్ బ్యాటరీ కూడా ఆర్డర్ పెట్టాను. విట్బీకి అమ్మానాన్న వచ్చాకే వెళ్తాం, అంతకుముందు ఇద్దరం ట్రైనింగ్‌కి వెళ్తున్నాం. యార్క్ అన్నా, బ్లూ బ్యాంక్ తప్పించుకుని వెళ్లే దారి ఉంటే చెప్పండి, మొదటిసారే అది వద్దనుకుంటున్నాను.

యార్క్_బెజవాడ:

ఉంది. ఏ64 మీద స్కార్‌బరో దాకా వెళ్లి అక్కణ్నుంచి ఏ171 పట్టుకోండి. దూరం కొంచెం ఎక్కువ, ఎత్తుపల్లాలు అందులోనూ ఉన్నాయి, కానీ ఆ 20 శాతం దిగుడు ఉండదు. శనివారం వెళ్లకండి, పొద్దున్నే బయల్దేరండి.